ఖాళీ బండి బరువు

షినాస్ బ్రాంచిలో మా కంపెనీ పికప్‌కి ఒకే ఏడాదిలో రెండుసార్లు సస్పెన్షన్ మార్పించాను. మొదటిసారి తప్పుగా, రెండోసారి సరిగ్గా. రెండింటికీ అసలు కారణం ఆరు ఇసుక బస్తాలు. వాటిని బండిలోంచి తీయించింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నాకు తెలియడానికి ఐదు నెలలు పట్టింది, చదివేవాళ్ళను కూడా అంతసేపు కూర్చోబెట్టడం న్యాయం కాదు.

మాది పొలాల్లో నీటి పంపులు బిగించే, బాగుచేసే కంపెనీ. హెడ్డాఫీసు మస్కట్‌లో, ఘాలాలో ఉంది. షినాస్‌లో ఉన్నది ఒక షట్టరు, దాని వెనక స్టోరు, పైన మా రూమ్. మనుషులం నలుగురం: ఇద్దరు ఫిట్టర్లు, ఒక డ్రైవరు, నేను. ప్రొద్దుటూరులో మెకానికల్ డిప్లొమా చేసి వచ్చినందుకు నాకు స్టోర్ అండ్ వెహికిల్ ఇన్‌ఛార్జి అని పేరు పెట్టారు. స్టోరు ఒకటే, వెహికిలూ ఒకటే.

ఆ ఒక్క బండి కోసం, చేరిన మొదటి వారంలోనే ముప్ఫై ఒక్క అంశాలతో చెక్‌లిస్టు తయారుచేశాను. అందులో పద్నాలుగోది: వెనక తొట్టిలో అనుమతి లేని వస్తువులు ఉండరాదు. ఆ అంశం ప్రకారం మొదటిరోజు తొట్టిలోంచి దింపించినవి ఇవి: పాత టైరు ఒకటి, ఖాళీ నూనె డబ్బాలు రెండు, చిక్కుపడిన తాడు, ఆరు ఇసుక బస్తాలు. బస్తాలను తూచి మరీ రాశాను, ఒక్కోటి పాతిక కిలోలు. డ్రైవరు పక్కన నిలబడి ఇసుక గురించి ఏదో అనబోయాడు. నేను రాస్తూనే చెయ్యెత్తి ఆగమన్నాను. రిమార్కుల గడిలో "డ్రైవరుకు తెలియజేయడమైనది" అని పూర్తిచేశాను. డ్రైవరు నాకు తెలియజేయబోయినదానికి ఆ ఫారంలో గడి లేదు.

చెక్‌లిస్టు హెడ్డాఫీసులో బాగా నచ్చింది. మేనేజరు దాన్ని అన్ని బ్రాంచీలకీ పంపాడు. ఆ తర్వాత నెలకోసారి సేఫ్టీ ఆయన ఘాలా నుంచి మూడు గంటలు ప్రయాణం చేసి, నేను తయారుచేసిన కాగితం చేత్తో పట్టుకుని, నా బండినే తనిఖీ చేసి వెళ్ళేవాడు. పద్నాలుగో అంశం దగ్గర ఎప్పుడూ నాకు ఫుల్ మార్కులే.

డ్రైవరుది నిర్మల్ వైపు. వయసు నలభై తొమ్మిది, ఒమన్‌కు వచ్చి పద్నాలుగేళ్ళు. నన్ను సారు అంటాడు, నేనతన్ని అన్నా అంటాను. ఆ లెక్కన మా ఇద్దరిలో ఎవరు పెద్ద అన్నది ఎన్నడూ తేలలేదు. మాట తక్కువ. మాట్లాడితే బండి గురించి, లేకపోతే కూతురి గురించి. ఆ అమ్మాయి హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది, ఇంకా రెండేళ్ళుంది. ఇక్కడ రెసిడెంట్ కార్డును మావాళ్ళు బతాకా అంటారు. కంపెనీ దాన్ని రెన్యువల్ చేస్తే రెండేళ్ళు ఉండొచ్చు. చెయ్యకపోతే విమానం. అతని బతాకా ఆ ఏడాది చివర్లో అయిపోతుంది.

"ఇంకొక్క బతాకా సారు," అన్నాడు ఒకరోజు, నేను అడక్కుండానే. "అది నా బిడ్డ చదువుకు సరిపోతది. తర్వాత నేనే పోత, ఎవలు పొమ్మనక్కర్లేదు."

నేను చేరిన కొత్తల్లోనే మాకు కొండల వైపు పని పెరిగింది. షినాస్ తీరంలో ఉన్న పొలాలకి తారు రోడ్డుంది. లోపలి పొలాలకి మాత్రం వాదీలోంచే వెళ్ళాలి. వాదీ అంటే వాన పడితే ఏరు, పడకపోతే రోడ్డు. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు గులకరాళ్ళ బాట. ట్యాంకర్లు తిరిగీ తిరిగీ నేల పొడుగునా అడ్డంగా చిన్న చిన్న మడతలు పడిపోయి ఉంటుంది. డ్రైవరు దాన్ని రేకుల రోడ్డు అనేవాడు. ఇంటికప్పు రేకును నేలమీద పరిచి దానిమీద బండి తోలితే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

రెండు నెలల్లో డ్రైవరుకు నడుంనొప్పి మొదలైంది. నాకది మొదట తెలిసింది అతను బండి దిగే పద్ధతిలో. తలుపు పట్టుకుని ఒక కాలు కిందపెట్టి, కాసేపు ఎటో చూసినట్టు ఆగి, తర్వాత రెండో కాలు దింపేవాడు. క్లినిక్‌లో ఒకసారి వారం రెస్టు రాశారు. ఇంకో నెలకి మళ్ళీ వారం. రెండో చీటీ చేరిన రోజు మేనేజరు ఫోన్ చేశాడు. ఆయన మాతో హిందీలో మాట్లాడతాడు, కోపం వచ్చినప్పుడు ఇంగ్లీషులోకి మారతాడు. ఆరోజు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మూడో సిక్ లీవు వస్తే రెన్యువల్ ఉండదని, క్యాన్సిల్ కాగితం తయారుచేసుకోమని చెప్పాడు. ఆ మాట డ్రైవరుకు చెప్పే పని కూడా నాకే అప్పగించాడు. చెప్పాను. అతను విని, బండి అద్దం తుడవడానికి వెళ్ళాడు. అద్దం అప్పటికే శుభ్రంగా ఉంది.

నేను దీన్ని ఇంజినీరింగ్ సమస్యగా తీసుకున్నాను. నాకు చేతనైన సమస్య అదొక్కటే. రోడ్డు మీది దెబ్బ మనిషికి తగిలేలోపు దాటే భాగాలను వరసగా రాసుకున్నాను: టైరు, స్ప్రింగుల్లా పనిచేసే కమాను పట్టీలు, షాకబ్జార్లు, సీటు, వెన్నెముక. చివరిదానికి స్పేర్ దొరకదు కాబట్టి ముందువాటిలో ఏదో మార్చాలి.

మార్చేముందు లెక్క కావాలి కదా. మూడు నెలల డెలివరీ నోట్లన్నీ ముందేసుకుని, ఏరోజు ఎంత బరువు వెళ్ళిందో పట్టిక వేశాను. సగటున ట్రిప్పుకు ఏడువందల కిలోలు. గ్రాఫు గీశాను, రంగులు కూడా వేశాను. పాత కమాన్లు ఇంత బరువుకు అలిసిపోయాయని తేల్చి, ఒక్కో వైపు అదనంగా మందపాటి పట్టీ, నాలుగు చక్రాలకీ గట్టి గ్యాస్ షాకబ్జార్లు అడిగాను. మేనేజరు ఒక్కరోజులో సంతకం పెట్టాడు. బండి ఇంకా ఎక్కువ బరువు మోస్తుందన్న వాక్యం ఒక్కటే ఆయన చదివాడని తర్వాత అర్థమైంది.

ఘాలాలో మా బళ్ళు చూసే గ్యారేజీలో ఒక లాహోర్ ఉస్తాద్ ఉన్నాడు. అరవై దాటిన మనిషి, గడ్డానికి గోరింటాకు రంగు. నా గ్రాఫును దూరంగా పట్టుకుని చూసి, లోడుంటే ఈ సామాను చాలా బాగుంటుంది ఇంజినీర్ సాబ్ అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను. ఆ వాక్యంలో "ఉంటే" అన్న ముక్క నేను వినలేదు.

బిగించాక బండి వెనకభాగం రెండంగుళాలు లేచింది. ముందుకు వంగి పరుగుకు సిద్ధంగా ఉన్నట్టు ఉంది. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాను. తిరుగుదారిలో హైవే అంతా అద్దంలా ఉంటుంది, అక్కడ ఎద్దులబండి కూడా మెత్తగానే నడుస్తుంది. డ్రైవరు "మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ మాట కూడా రాసుకున్నాను.

మర్నాడు రేకుల రోడ్డు ఎక్కాం. పంపు, పైపులు ఉన్నంతసేపూ బాగానే ఉంది. అవి దించేశాక, ఖాళీ బండితో ఇంకో పొలంలో ఆగిపోయిన మోటారు చూడటానికి బయల్దేరాం. మొదటి మడతల వరస మీదే వెనక చక్రాలు నేలను వదిలేయడం మొదలుపెట్టాయి. డాష్‌బోర్డు మీది నా పెన్ను ఎగిరి సీటు కిందికి పోయింది. తర్వాత ఫ్లాస్కు పోయింది. ఆ తర్వాత నా తల పైకప్పుకు తగిలింది. డ్రైవరు స్టీరింగు పట్టుకుని పళ్ళు బిగించి ముందుకే చూస్తున్నాడు. అతను ఒక్క మాట అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆరోజు లాగుబుక్కులో నేను రాసింది ఇది: కొత్త స్ప్రింగులు మొదట్లో బిగువుగా ఉండటం సహజం, వెయ్యి కిలోమీటర్ల తర్వాత సర్దుకుంటాయి.

స్ప్రింగులు సర్దుకోలేదు. రెండోవారం చివర్లో షట్టరు ముందు బండి ఆపి డ్రైవరు దిగలేదు. ఇంజనైతే ఆపాడు. తలుపు తీశాను. మొహమంతా చెమట. నేనూ ఒక ఫిట్టరూ చెరో భుజం పట్టి దింపి, స్టోరులో చాప మీద పడుకోబెట్టాం. క్లినిక్‌కు పోదామంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"చీటీ రాపియ్యకుండ్రి సారు," అన్నాడు. "చీటీ రాస్తె మూడోది అయితది."

మా నలుగురిలో లైసెన్సు ఉన్నది అతనొక్కడికే. నాలుగు రోజులు పికప్ కదల్లేదు. లాగుబుక్కులో "వాహనం పరిశీలనలో ఉంది" అని రాశాను. ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం అది. చూడటానికి మిగతా ఎంట్రీల్లాగే పద్ధతిగా ఉంది.

మేనేజరుకు ఎలా తెలిసిందో తెలిసింది. ఈసారి కోపం కూడా లేదు, హిందీలోనే మాట్లాడాడు. షాకులు మార్చాం, కమాన్లు మార్చాం, ఇక ఆ బండిలో మారనిది డ్రైవరొక్కడే అన్నాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ వాక్యంలో తప్పెక్కడుందా అని వెతికాను. నేను ఇచ్చిన లెక్కల ప్రకారం తప్పేమీ లేదు. అతని నడుము కోసం చేయించిన పని, ఇప్పుడు అతనిమీదే సాక్ష్యంగా నిలబడింది.

ఐదోరోజు డ్రైవరు లేచి కూర్చోగలిగాడు. వెయ్యి కిలోమీటర్ల చెకప్ అనే వంకతో ఇద్దరం ఘాలాకు వెళ్ళాం. దారిలో మూడుసార్లు ఆగాం. ఉస్తాద్‌తో గొడవ పెట్టుకోవాలనే నా ఆలోచన. ఆయన సామానులో లోపాలని తొమ్మిది పాయింట్లు రాసుకున్నాను. ఆయన నా కాగితం తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, డ్రైవరును ఒక టైరు మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. నాకు టైరు చూపించలేదు. తర్వాత హిందీలో అతన్నే అడగడం మొదలుపెట్టాడు. రోజుకు ఎంతసేపు లోడు, ఎంతసేపు ఖాళీ?

పొద్దున ఒక్క ట్రిప్పే లోడని, తర్వాత రోజంతా ఖాళీగానే తిరుగుతామని డ్రైవరు చెప్పాడు. నేను మధ్యలో దూరి, సగటున ఏడువందల కిలోలుంది, నోట్లన్నీ నా దగ్గరున్నాయి అన్నాను.

డ్రైవరు నావైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా తెలుగులో అన్నాడు: "ఖాళీగ పోయినప్పుడు డెలివరీ నోటు ఎందుకు రాస్తరు సారు? ఏం దించిండ్రని?"

నేను కూడబెట్టిన కాగితాలన్నీ బరువున్న ట్రిప్పులవే. ఖాళీ ట్రిప్పుకు కాగితం పుట్టదు. మూడు నెలలపాటు మా బండి కాగితాల్లో ఎప్పుడూ నిండుగా ఉంది, రోడ్డు మీద దాదాపు ఎప్పుడూ ఖాళీగా ఉంది. నేను కాగితాల్లో ఉన్న బండికి స్ప్రింగులు వేయించాను.

ఉస్తాద్ ఇంకో ప్రశ్న అడిగాడు. ఇంజినీర్ సాబ్ రాకముందు కూడా వాదీలోకి వెళ్ళేవాడివి కదా, అప్పుడు నడుము ఎందుకు నొప్పి పుట్టలేదు? డ్రైవరు చాయ్ గ్లాసు వైపు చూస్తూ, అప్పట్లో వెనక ఇరుసు మీద ఆరు బస్తాల ఇసుక ఉండేదని, దాంతో బండి ఒదిగి నడిచేదని చెప్పాడు. అవి ఏమయ్యాయని ఉస్తాద్ అడగలేదు. నా మొహం చూసి తెలుసుకున్నాడు. తర్వాత ఆయన నవ్విన నవ్వుకు పక్క షెడ్డులోంచి ఇద్దరు మెకానిక్‌లు వచ్చి చూశారు. గడ్డం మీద చాయ్ ఒలికింది.

"చెప్పింటే బాగుండు కదన్నా," అన్నాను.

"చెప్పబోయిన. మీరు రాసుకుంట ఉంటిరి. రాసేటాయనను నడుమల ఎవలు ఆపుతరు?"

టన్ను బరువు కోసం చేసిన కమాను ఖాళీగా ఉన్నప్పుడు దూలంలా ఉంటుంది. దాని మీద నూటయాభై కిలోలు ఎప్పుడూ ఉంటే అది కాస్త వంగి పనిచేయడం మొదలుపెడుతుంది, వెనకభాగం ఎగరడం తగ్గుతుంది. డిప్లొమా రెండో ఏడాదిలో ఈ లెక్క మీద నాకు ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. లెక్కలో ఇసుక బస్తా అని లేదు, ద్రవ్యరాశి అని ఉంది.

బస్తాలు మళ్ళీ వేసేస్తే సరిపోయేది. కాని నెలకోసారి సేఫ్టీ ఆయన వస్తాడు, ఆయన చేతిలో పద్నాలుగో అంశం ఉంటుంది, దానికింద నా సంతకం ఉంటుంది. కాబట్టి ఇసుక చేసే పనిని ఇనుముతో చేయించాలి. ఉస్తాద్ చెప్పిన మందు: నేను వేయించిన మందపాటి పట్టీలు తీసెయ్యాలి, వాటితోపాటు పాత కట్టలో అడుగున ఉన్న బరువు పట్టీ కూడా తీసెయ్యాలి, పలచని పొడుగు పట్టీలతో కొత్త కట్ట కట్టాలి, మెత్తటి షాకులు వెయ్యాలి, ఎండిపోయిన రబ్బరు బుష్షులన్నీ మార్చాలి. ఇక ఈ బండి మీద నాలుగువందల కిలోలకు మించి వెయ్యకూడదు, పెద్ద పంపులు అద్దె లారీలో వెళ్ళాలి.

దీనికి మళ్ళీ అనుమతి కావాలి. అప్రూవల్ ఫారంలో "కారణం" అని ఒక గడి ఉంటుంది. మూడు వారాల కిందట మార్చినదాన్ని మళ్ళీ ఎందుకు మార్చాలో అందులో రాయాలి. మొదట రోడ్డు బాగాలేదని రాశాను. కొట్టేశాను. సామాను లోపమని రాశాను. ఉస్తాద్ గుర్తొచ్చి అదీ కొట్టేశాను. మూడోసారి ఐదు పాయింట్లు రాశాను. ఒకటి, ఖాళీ ట్రిప్పులు లెక్కలోకి రాలేదు. రెండు, మొదటి మార్పు తప్పు. మూడు, ఇసుక బస్తాలను కంపెనీ చెక్‌లిస్టు ప్రకారం తీసేశారు. నాలుగు, డ్రైవరు నడుంనొప్పి డ్యూటీ వల్ల, ఆ బస్తాలు తీసేశాకే మొదలైంది. ఐదు, చెక్‌లిస్టు తయారుచేసినది కింద సంతకం చేసినవాడు. ఫారం అడుగున సేఫ్టీకి ఒక కాపీ పంపాలని ఉంది. పంపాను.

మామూలుగా మూడు రోజులు పట్టే మేనేజరు పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. నాలుగో పాయింటు చదివి వినిపించమన్నాడు. వినిపించాను. డ్యూటీ వల్ల వచ్చిన నొప్పి అంటే దాని అర్థం నీకు తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను, నిజంగానే తెలియదు. డ్యూటీ వల్ల వచ్చినదైతే ఇన్సూరెన్సు వస్తుంది, కంపెనీ డాక్టరు వస్తాడు, లేబర్ ఆఫీసులో కాగితాలు వస్తాయి, అలాంటి మనిషిని క్యాన్సిల్ చేస్తే ఎందుకు చేశావని అడుగుతారు అని ఒక్కొక్కటే చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయన గొంతు మెత్తబడింది.

"నిజమే రాశావు, సంతోషం," అన్నాడు చివరికి. "ఫారంలో ఎందుకు రాశావు?"

"కారణం అని గడి ఉంది సార్."

వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకోవడానికి కూడా ఒక ఫారం ఉందని, దాంట్లోనూ కారణం గడి ఉందని, అక్కడ ఏం రాయాలో చెప్పమని అడిగాను. ఇది నేను ధైర్యం చేసి అన్న మాట కాదు. నాకు నిజంగా ఆ గడిలో ఏం రాయాలో తెలియలేదు. ఆయన ఫోను పెట్టేశాడు.

సాయంత్రానికి సస్పెన్షన్‌కు అనుమతి వచ్చింది. పదిరోజుల్లో డ్రైవరు రెన్యువల్ కాగితం మీద సంతకం పడింది. నా ఐదు పాయింట్లు ఫైలులోకి వెళ్ళాయి, మళ్ళీ ఎవరూ వాటి మాట ఎత్తలేదు. నాకు ఒక వార్నింగ్ లెటర్ వచ్చింది: సరైన పరిశీలన లేకుండా వాహనంలో మార్పులు చేయించినందుకు. చదివి, ఒప్పుకుని సంతకం పెట్టాను. ఆ ఏడాది కంపెనీ నాకిచ్చిన కాగితాలన్నిటిలో వాస్తవానికి దగ్గరగా ఉన్నది అదే.

రెండోసారి బిగించాక బండి వెనకభాగం దిగిపోయి, మామూలు బండిలా, కొంచెం దిగులుగా కనిపించింది. ఫొటోలు తియ్యలేదు. మర్నాడు ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు ఖాళీగా నడిపాడు డ్రైవరు. పెన్ను డాష్‌బోర్డు మీదే ఉంది. పొలం దగ్గర బండి ఆపి, తలుపు తీసి, ఒకేసారి రెండు కాళ్ళూ కిందపెట్టి దిగాడు. నేను అటువైపు తిరిగి వచ్చి నిలబడ్డాను.

"ఎట్లుండాదన్నా?"

"మెత్తగయింది. వంపుల కాడ జర ఊగుతది." వెనక టైరును చేత్తో ఒకసారి తట్టాడు. "ఇంతకుముందు ఇంకా మంచిగుండె."

"ఇంతకుముందంటే ఎప్పుడు?"

"మీరు రాకముందు."

బతాకా చేతికొచ్చిన రోజు దాన్ని రెండు వైపులా ఫొటో తీసి కూతురికి పంపాడు. సంతోషంగా ఏదైనా రాస్తుందని ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆ అమ్మాయి నేరుగా వీడియో కాల్ చేసింది. నడుంనొప్పి సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నేనడగలేదు, మా ఫిట్టర్లలో ఒకడు నిర్మల్‌వాడే. తండ్రిని స్టోరులో చాప వెయ్యమని, వెల్లకిలా పడుకోమని, ఫోను గోడకు ఆనించమని చెప్పింది. రోజుకు రెండుపూటలు, ఒక్కో కాలు ఇరవైసార్లు పైకెత్తాలంది. తర్వాత, "బాపు, సారుకియ్యి ఫోను," అంది.

ఇచ్చాడు.

"సార్, ఆయన ఇరవై అంటడు గని పన్నెండు చేస్తడు," అంది ఆ అమ్మాయి, తండ్రి వింటుండగానే. "మీరే లెక్కవెట్టున్రి. రెండేండ్లు ఆ నడుము పనిచెయ్యాలె."

చాప పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఫోను మళ్ళీ గోడకు ఆనించాను. డ్రైవరు కాలు ఎత్తుతున్నాడు, దించుతున్నాడు, మధ్యలో అనవసరంగా దగ్గుతున్నాడు. కాసేపటికి కాలు చాప మీద పెట్టేసి, అయిపోయినాయి సారు అన్నాడు.

"పదిహేడు," అన్నాను.

"ఇరవై అయినయ్."

"పదిహేడే అన్నా."

"ఇంకా మూడు, బాపు," అంది గోడ దగ్గర్నుంచి ఆ అమ్మాయి. అతను మా ఇద్దరినీ కలిపి ఒక తిట్టు తిట్టి, కాలు ఎత్తాడు.